మందకుక్క ఉపాఖ్యానం

తెలుగువాళ్ళం కుక్కకు చేసినంత అన్యాయం ఇంకే జంతువుకూ చేసి ఉండం. ఎవరి బుద్ధయినా మారకపోతే దాని వంకర తోకను గుర్తు చేసుకుంటాం. ఎవరి కాపురమైనా బాగోకపోతే కుక్క బతుకంటాం. కాటుకు చెప్పుదెబ్బ అంటాం. ఏనుగు వెళుతుంటే మొరిగే పని కూడా దానికే అంటగడతాం. విశ్వాసం గల జంతువని ఒకే ఒక్క మెచ్చుకోలు మాట దాని ముందు పడేసి చేతులు దులుపుకున్నాం. పోనీ, ఈ సామెతల్లో ఉన్నదైనా ఎవరు? వీధి కుక్క, కాకపోతే ఇంటి కుక్క. ఊరి బయట గొర్రెల మంద వెంట తిరిగే కుక్క మీద మాత్రం నాకు ఇంతవరకు ఒక్క సామెతా తగల్లేదు.

అలాగని మన పెద్దలు దాన్ని ఎరగరా అంటే, బాగా ఎరుగుదురు. ఋగ్వేదం పదో మండలంలో సరమ అనే ఆడకుక్క కథ ఉంది. పణులనేవాళ్ళు ఆవుల మందను దొంగిలించి రసానదికి ఆవల దాచేశారట. ఇంద్రుడు వాటిని వెతకడానికి సరమను పంపాడు. అది జాడ పట్టుకుని నది దాటి వెళ్ళి మందను కనిపెట్టింది. పణులు ఊరుకుంటారా? చెల్లెలని వరస కలిపి, ఇక్కడే ఉండిపొమ్మన్నారు, ఆవుల్లో వాటా ఇస్తామన్నారు. సరమ ఆ వరసా వద్దంది, ఆ వాటా వద్దంది. ఆస్తి సంగతి వచ్చేసరికి తీయగా వరసలు కలిపే అన్నదమ్ముల వ్యవహారం మనకేం కొత్త కాదు గనక, సరమ తెలివి ఆడవాళ్ళకు చప్పున అర్థమవుతుంది.

ఆ సరమే మహాభారతం మొదట్లో మళ్ళీ కనిపిస్తుంది. ఏ తప్పూ చేయని దాని బిడ్డను జనమేజయుడి తమ్ముళ్ళు కొడితే, ఏకంగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. నన్నయగారు తెలుగు చేసిన ఆ ఘట్టాన్ని మనలో చాలామందిమి బళ్ళో చదువుకున్నాం. ఇక భారతం చివర ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిందీ కుక్కే. మొదలూ కుక్కే, చివరా కుక్కే. మధ్యలో ఉన్నవాళ్ళే మనుషులు, వాళ్ళ సంగతి మీకు తెలిసిందే!

పురాణాలు అలా ఉంచి కాస్త మట్టిలోకి దిగుదాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ వైపు ఉట్నూరని ఒక ఊరుంది. ఆదిలాబాదు ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడొక బూడిద దిబ్బ ఉంటే, ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త 1957లో తవ్వి చూశాడు. దుంగలు పాతి కట్టిన దొడ్డి, ఏళ్ళ తరబడి పేరుకుని కాలిన పేడ, ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన సంగతి అది. ఆయన దాని మీద 1963లో పుస్తకం కూడా వేశాడు. దొడ్డి ఉన్నచోట రాత్రి కాపలా ఉండక తప్పదు కదా! దాదాపు అంత పాతకాలంలోనే కాశ్మీరులోని బుర్జహోంలో మనుషులతోపాటు కుక్కలనూ సమాధి చేశారు. అంటే మనిషికీ, మందకీ, కుక్కకీ ముడి పడి ఎంత కాలమైందో చూడండి.

ఆ ముడి మన నల్గొండ, సూర్యాపేట వైపు ఇంకా తెగిపోలేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లగట్టు జాతర అనీ, పెద్దగట్టు జాతర అనీ అంటారు. మేడారం తరువాత తెలంగాణలో అంత జనం వచ్చే జాతర ఇదే. "ఓ లింగా! ఓ లింగా!" అంటూ డోళ్ళతో, గజ్జెలతో గుట్ట ఎక్కుతుంటే చూడాలి. మందలు కాచుకునేవాళ్ళు కొలిచే ఇంకో దేవుడు మల్లన్న. ఆయన్నే మహారాష్ట్రలో ఖండోబా అంటారు. ఆయన పటంలో గుర్రంతోపాటు కుక్క కూడా ఉంటుంది. మనుషులు సామెతలో చోటివ్వకపోయినా, దేవుడు పటంలో చోటిచ్చాడన్నమాట.

మా అత్తవారి ఊరు హాలియాకు దగ్గర్లోనే. మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో వస్తుంది హాలియా. ఇప్పుడు మున్సిపాలిటీ అయింది గాని, నేను కాపురానికి వచ్చిన కొత్తలో బస్సు దిగితే నాలుగు కొట్లు, రెండు టీ హోటళ్ళు కనిపించేవి. కోతలైపోయాక మా పొలంలో మంద పెట్టించుకునేవాళ్ళం. పట్నం పాఠకుల కోసం చెబుతున్నాను: గొర్రెల మందను కొన్ని రాత్రులు మన చేలో పడుకోబెట్టమని కాపర్లను బతిమాలుకోవడమన్నమాట. వాటి పెంటికలూ, మూత్రమే చేనుకు ఎరువు. అందుకు వాళ్ళకు వడ్లో, డబ్బో ఇస్తారు. ఎన్ని బస్తాల ఎరువు చల్లినా మంద పడుకున్న చేనుకు సాటి రాదని మా మామగారు అనేవారు. ఆ మందతోపాటు రెండు కుక్కలు వచ్చేవి. పగలంతా ఏ కంపచెట్టు నీడనో సోమరిపోతుల్లాగా పడి ఉండేవి. వీటికి తిండి దండగ అనుకునేదాన్ని. చీకటి పడ్డాక చూడాలి వాటి తీరు! ఒకటి మందకు ఈ కొసన, ఒకటి ఆ కొసన. ఆకు కదిలినా చెవి నిక్కేది.

ఎలా నేర్పుతారు తాతా వీటికి, అని ఒకసారి పెద్ద కాపరిని అడిగాను. ఆయన నవ్వాడు. "నేర్పుడేంది బిడ్డా! తల్లికాడ పాలు మరువంగనే పిల్లను తెచ్చి గొర్రెపిల్లల నడుమ ఇడుస్తం. అండ్లనే తింటది, అండ్లనే పంటది. ఇగ దానికి మంద కాకుంటె వేరే ఇల్లేడుంటది?" అన్నాడు. మరి గొర్రెపిల్లల్ని కరవదా అన్నాను. "పిల్లతనంల ఉరికిస్తది, తోక పట్టి గుంజుతది. అప్పుడు గట్టిగ గద్దియ్యాలె. కొట్టుడు మాత్రం పనికిరాదు. పెద్ద పొట్టేలు ఒక్క కుమ్ము కుమ్మిందంటే మళ్ళ ఆ జోలికి పోదు" అన్నాడు. ఆయన దగ్గర శిక్షణ అంటే ఇంతే. పుస్తకం లేదు, ఈల లేదు, బెల్టు లేదు.

చాలా ఏళ్ళకు చదివాను, అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే జీవశాస్త్రవేత్త భార్య లోర్నాతో కలిసి 1970ల చివర నుంచి ఇదే విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేశాడని. ఇటలీ నుంచీ, టర్కీ నుంచీ మందకుక్కల్ని తెప్పించి, వాటి పిల్లల్ని రైతులకిచ్చి, ఏవి పనికొస్తున్నాయో లెక్కలు కట్టారు. చివరికి తేలిందేమంటే, పుట్టిన నాలుగు నెలల లోపల పిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్ళే దానికి సొంతవాళ్ళు. ఆ గడువు దాటాక ఎంత నేర్పినా అంతంత మాత్రమే. హాలియా తాత చెప్పిన మాటే ఇది, కాకపోతే దీనికి పట్టికలున్నాయి.

రోమనులకు కూడా ఈ విద్య తెలుసు. రెండు వేల ఏళ్ళ కిందటి వర్రో అనే పెద్దమనిషి సేద్యం మీద రాసిన పుస్తకంలో ఒక ముచ్చట చెబుతాడు. ఒకాయన దూరదేశంలో గొర్రెల మందను కుక్కలతో సహా కొన్నాడు. కాపర్లు మాత్రం బేరంలో లేరు, మందను దిగబెట్టి వెనక్కి వెళ్ళిపోయారు. కొద్ది రోజులకే ఆ కుక్కలు ఎవరూ దారి చూపకుండానే అన్ని రోజుల ప్రయాణం చేసి తమ పాత కాపర్ల దగ్గరికి చేరాయట. తరువాతి వాడు కొలుమెల్లా ఇంకా ముందుకు పోయి, మందకుక్క తెల్లగా ఉండాలన్నాడు, మసక చీకట్లో తోడేలనుకుని కాపరి పొరపాటున దాన్నే కొట్టకుండా. పేరు పెద్దదైతే పిలవడం ఆలస్యమవుతుంది గనక రెండక్షరాల పేరు పెట్టమన్నాడు. మన రాజు, టామీలు అప్పటి శాస్త్రం ప్రకారమే ఉన్నాయి!

ఇంతవరకు చెప్పింది కాపలా కుక్క సంగతి. మందను తోలే కుక్క వేరే జాతి, వేరే చదువు. దాని పుట్టిల్లు ఇంగ్లండు, స్కాట్లాండుల సరిహద్దు కొండలు. తోడేలు వేటాడేటప్పుడు మందను చుట్టుముట్టి, కళ్ళతో బెదిరించి, చివరికి మీద పడుతుంది. ఆ చివరి ముక్క తీసేసి, చుట్టుముట్టడం వరకూ, కళ్ళతో బెదిరించడం వరకూ ఉంచితే మందను తోలే కుక్క అవుతుంది. తరతరాలుగా ఏరి ఏరి అలాంటి వాటినే పెంచారు. బ్రిటన్‌లో తోడేళ్ళు మూడు వందల ఏళ్ళ కిందటే అంతరించాయి. ఇక కాపలాతో పని లేదు. కొండల మీద వందల గొర్రెల్ని వదిలేస్తే, వాటిని దింపుకురావడానికి ఒకే మనిషి, ఒకే కుక్క. జేమ్స్ హాగ్ అనే స్కాట్లాండు కాపరి తరువాత పెద్ద రచయిత అయ్యాడు. ఒక అర్ధరాత్రి తన 700 గొర్రెపిల్లలు చెదిరి కొండల్లోకి పారిపోతే, తెల్లారేసరికి తన కుక్క సిర్రా ఒక్కటీ తప్పిపోకుండా లోయలో పోగేసి నిలబెట్టిందని ఆయనే రాసుకున్నాడు.

ఈ విద్యకు పోటీలు పెట్టాలన్న సరదా వేల్స్‌లో లాయిడ్ ప్రైస్ అనే జమీందారుకు పుట్టింది. 1873 అక్టోబర్ 9న బాలా అనే ఊళ్ళో పది కుక్కలతో పోటీ పెడితే, తీరా గెలిచింది స్కాట్లాండు నుంచి వచ్చిన జేమ్స్ థామ్సన్, ఆయన కుక్క ట్వీడ్. ఇరవై ఏళ్ళకు, 1893లో నార్తంబర్లాండులో హెంప్ అనే కుక్క పుట్టింది. మొరగదు, కరవదు, ఊరికే చూస్తుంది. ఆ చూపుకే గొర్రెలు కదిలేవట. ఇవాళ్టి బోర్డర్ కోలీలన్నిటికీ అదే మూలపురుషుడు. 1906లో వీటికోసం అంతర్జాతీయ సంఘమే వెలిసింది. 1976 నుంచి బి.బి.సి. వాళ్ళు టెలివిజన్లో ఈ పోటీలు చూపించడం మొదలుపెట్టారు.

పరీక్ష వందకు. కుక్క దూరంగా చుట్టు తిరిగి, గొర్రెల్ని బెదరగొట్టకుండా వాటి వెనక్కి చేరితే 20. మెల్లిగా కదిలిస్తే 10. తిన్నగా యజమాని దగ్గరికి తెస్తే 20. అక్కడి నుంచి చెప్పిన దారిన తోలితే 30. మందలోంచి అడిగినవాటిని విడదీస్తే 10, దొడ్లో పెడితే 10. ఆజ్ఞలు నాలుగైదే. ‘కమ్ బై’ అంటే గడియారం ముల్లు తిరిగినట్లు తిరగాలి, ‘అవే టు మి’ అంటే అటునుంచి ఇటు. ‘లై డౌన్’ అంటే ఉన్నచోటే పడుకోవాలి. ‘దట్ విల్ డూ’ అంటే ఇక చాలు, వచ్చెయ్యమని. దూరంగా ఉంటే ఇవే ఈలల్లో. అసలు కష్టం కుక్కకు ఉరకడం నేర్పడంలో లేదు, అది పుట్టుకతో వస్తుంది. ఆగడం నేర్పడంలో ఉంది. అందుకే ఎనిమిది, పది నెలలు వచ్చేదాకా మంద దగ్గరికి పోనివ్వరు. ముందు పిలిస్తే రావాలి, పడుకోమంటే పడుకోవాలి, ఆ తరువాతే గొర్రెలు. పిల్లల్ని పెంచినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా!

మరి మన తెలుగునాట తోలే కుక్క లేనే లేదా? ఉంది. కొల్లేటి ఒడ్డున జోనంగి అని, కొల్లేటి జాగిలం అని ఒక జాతి. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, మొరగడం తక్కువ, ఊళ వేసినట్లుండే గొంతు. కొల్లేట్లో బాతుల్ని పెంచేవాళ్ళు వీటితో బాతుల మందల్ని తోలించేవాళ్ళు. బాతు గొర్రె కాదు, కంగారుపడితే నీళ్ళలో చెల్లాచెదురైపోతుంది. దాన్ని తోలడానికి ఎంత నేర్పు కావాలి! ఆ తరువాత కొల్లేటి చుట్టూ చేపల చెరువులు వచ్చాయి, బాతుల పెంపకం సన్నగిల్లింది. పని పోయిన కుక్కలు ఆకలికి చెరువుల్లో చేపలు పట్టడం నేర్చాయి. చెరువులవాళ్ళు వాటిని చంపారు. 2006లో ప్రభుత్వం కొల్లేటిని కాపాడటానికి చేపల చెరువులు కొన్ని కొట్టించింది గాని, అప్పటికే జాగిలాలు అరుదైపోయాయి. పని పోతే జాతే పోతుందని చెప్పడానికి ఇంతకంటే వేరే కథ అక్కర్లేదు.

కొల్లేట్లో బాతులకు ఉన్నట్టు మన గొర్రెలకు తోలే కుక్క ఎందుకు లేదని నాకు చాలాకాలం సందేహంగానే ఉండేది. జవాబు మా అత్తగారు చెప్పారు. మా అమ్మాయి ఇంగ్లండు నుంచి పంపిన కుక్కల పోటీ వీడియో ఆవిడకు ఫోనులో చూపిస్తున్నాను. కోలీ చుట్టు తిరగడం, పడుకోవడం, గొర్రెల్ని గేటులోంచి నడిపించడం కళ్ళార్పకుండా చూశారు. చూసి, "గీ పనంత మా ఇంట్ల జీతమున్న పిలగాడు చేసెటోడు గదనే" అన్నారు. ఎంత పిల్లాడు అత్తయ్యా అంటే, "ఎనిమిదేండ్లుంటయేమో. గొర్రె చేన్ల వడితే వానికి దెబ్బలు" అన్నారు. ఆ తరువాత ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

నాకు అప్పుడు తెలిసింది, స్కాట్లాండులో కుక్కకు అప్పగించిన పరుగును మన దగ్గర పిల్లవాడికి అప్పగించారని. చుట్టు తిరిగి అడ్డం పోవడం, చేలో పడకుండా తిప్పడం, దారి తప్పినదాన్ని వెతికి తేవడం, సాయంత్రం లెక్కపెట్టి దొడ్లో తోలడం. వందకు వంద మార్కుల పనీ వాడిదే. కుక్క రాత్రి కాపలా, పిల్లవాడు పగటి పరుగు. ట్వీడ్ పేరు పుస్తకాల్లో ఉంది, హెంప్ పుట్టిన సంవత్సరం ఉంది. మా ఇంట జీతమున్న ఆ పిల్లవాడి పేరు కూడా మా అత్తగారికి సరిగ్గా గుర్తు లేదు.

కాలం మారింది, మంచికే మారింది. 1976లో వెట్టిచాకిరీని రద్దుచేస్తూ చట్టం వచ్చింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పశువుల వెంట తిరిగే పిల్లల్ని, ఇంటిపనుల్లో మగ్గే ఆడపిల్లల్ని పట్టుకొచ్చి బళ్ళో కూర్చోబెట్టారు. ఆ పని నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి చదువు పిల్లల హక్కయింది. ఇవాళ హాలియా చుట్టుపక్కల మంద వెంట ఎనిమిదేళ్ళ పిల్లవాడు కనిపించడు. కనిపించకూడదు కూడా.

అయితే మంద మిగిలే ఉంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచడం మొదలుపెట్టింది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశం మొత్తానికీ తెలంగాణే మొదటిది, సుమారు 1 కోటీ 90 లక్షలు. వీటిని కాచేవాళ్ళు ఎవరంటే, ఎక్కువగా అరవై దాటిన తాతలు. 1967 ఆగస్టు 4న సాగర్ నుంచి నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద ఎటు చూసినా వరి. నీళ్ళొచ్చినందుకు అందరం దండం పెట్టుకున్నాం గాని, మందకు నడిచే దారి మాత్రం సన్నబడింది. ఒక్క గొర్రె మడిలో దిగితే పంచాయితీ. తోడేళ్ళా, దేశం మొత్తమ్మీద మూడు వేలకు అటూ ఇటూ మిగిలాయని శాస్త్రజ్ఞుల అంచనా. 1972 చట్టం కింద వాటిని చంపడం నేరం. అంటే మన కాపరికి రాత్రి భయం తగ్గింది, పగటి పరుగు పెరిగింది. ఆ పరుగు తీయడానికి మోకాళ్ళ నొప్పుల తాత ఒక్కడే ఉన్నాడు.

ఇక్కడే నాకు ఆ కొండల కుక్క చదువు గుర్తొస్తుంది. చలిదేశపు కోలీని తెచ్చి మన ఎండల్లో పరుగెత్తించమని నేననను, పాపం దాని బొచ్చుకు మన మే నెల ఏం సరిపడుతుంది! మన కాపర్ల దగ్గరున్న కుక్కల్లోనే చూపున్నవి, మాట వినేవి ఉంటాయి. తాతలకు కాపలా కుక్కను పెంచే విద్య వచ్చు. దానికి చుట్టు తిరగడం, ఆగమంటే ఆగడం అనే రెండు పాఠాలు కలిపితే ఎంత ఉపకారం! ఊరూరా పశువుల డాక్టర్లున్నారు, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, గొర్రెల పెంపకందార్ల సంఘాలున్నాయి. పెద్దగట్టు జాతరకు లక్షలమంది వస్తారు. అక్కడ గుట్ట కింద నాలుగు గొర్రెల్ని వదిలి, మన కుక్కలకు ఒక పోటీ పెడితే చూడటానికి జనం కరువవుతారా? ఆనాడు బాలాలో వచ్చింది మూడు వందల మందేనట.

అప్పుడైనా ఎవరో ఒకరు మందకుక్క మీద ఒక సామెత కడతారేమో. కట్టేవాళ్ళు అందులో ఆ జీతపు పిల్లవాడికి కూడా కాస్త చోటివ్వాలని నా మనవి. దాని పని చాలా ఏళ్ళు వాడే చేశాడు మరి!